జీపు అర్రలో ముగ్గు

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరి కన్నూ జీపు అర్ర మీదే పడింది. అందులో జీపు లేదు. నేను ఈ ఇంటికి కోడలిగా రాకముందే మామ దాన్ని అమ్మేశాడు. జీపు పోయినా పేరు మాత్రం అర్రకు అంటుకొని ఉండిపోయింది.

మా ఇల్లు తాండూరులో, కరణ్‌కోటకు పోయే రోడ్డు మొదట్లో ఉంటుంది. జీపు అర్ర మూతి రోడ్డు మీదికి. దానికి ఇనుప షట్టరు. ఎత్తితే ఆ చప్పుడుకు నాలుగిళ్ళ అవతలి వాళ్ళు కూడా మా మామ, జంగప్ప పటేలు, లేచిండని అనుకుంటారు. లోపల నల్లబండలు పరిచిన పొడుగాటి అర్ర. ఒక పక్క గోడ గల్లీకి, వెనక గోడ మా వంటింటికి ఆనుకొని ఉంటాయి; వంటింట్లోంచి అర్రలోకి ఒక చిన్న తలుపు. కందుల సంచులు, చెడిపోయిన కూలరు, అరిగిపోయిన జీపు టైర్లు అన్నీ అందులోనే. మామ రోజూ పొద్దున షట్టరు సగం లేపి, కుర్చీ వేసుకొని, రోడ్డు మీద పోయేవాళ్ళను పలకరిస్తూ కూర్చునేవాడు. అంతకుమించి ఆ అర్రకు పని లేదు.

మహేష్ కారు కొంటానన్నాడు. అక్కడ మొదలైంది.

మహేష్ నా భర్త. సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు పని. మా రోడ్డు మీద పగలంతా బండల లారీలు తిరుగుతాయి. బయట పెట్టిన బండి ఏదైనా సాయంత్రానికి పిండి జల్లినట్టు అవుతుంది. కారు వస్తే నీడపట్టున పెట్టాలని, జీపు అర్రను బాగుచేయించాలని అన్నాడు. మరిది ప్రణయ్ ఆ మాట పట్టుకున్నాడు. అతను వికారాబాద్‌లో ఇళ్ళ లోపలి అలంకరణలు చేసే ఆఫీసులో పనిచేస్తాడు. శనివారం రైలెక్కి వస్తాడు.

ఒక ఆదివారం అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు ప్రణయ్ లాప్‌టాప్ తెరిచి మధ్యలో పెట్టాడు. తెర మీద బూడిదరంగు గోడలు, అద్దంలా మెరిసే నేల, పైన వరుసగా లైట్లు. మూలన కుండీలో పొడుగాటి మొక్క. బయట పచ్చగడ్డి. మా ఇంటి ముందర గడ్డి మొలవగా నేనెప్పుడూ చూడలేదు.

"గిది మన జీపు అర్రనా?" అన్నాడు మామ, కళ్ళు చిట్లించి. ఆయనకు ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండో కంట్లో మోతిబిందు ఇంకా అట్లనే ఉంది.

"అర్ర గాదు నాయినా. గ్యారేజ్."

"మల్ల మడిగె ఏది?"

"మడిగె ఏంది?"

"ముందట ఒక మడిగె తీసి దుకాణపోళ్ళకు కిరాయికి ఇద్దామనుకున్న. రోడ్డు మీద జాగ ఉంచుకొని కారును పండబెడ్తరా? కారు నెలనెలా కిరాయిస్తదా?"

"మడిగె తీస్తే కారు యాడ పెట్టాలె నాయినా, నా నెత్తి మీదనా?" అన్నాడు మహేష్.

"అన్నా, ఆగు. సగం కారుకు, సగం నాకు. ఏసీ పెట్టి ఆఫీసు రూం చేసుకుంట. కస్టమర్లు గిట్ల లోపలికి అడుగుపెట్టంగనే ఖుష్ కావాలె."

"తాండూర్ల ఎవలు వస్తరురా నీ ఏసీకి? ఎండకు తాళలేక వస్తే వస్తరు," అన్నాడు మామ. మహేష్ నవ్వాడు. ప్రణయ్ నవ్వలేదు.

అత్తమ్మ పప్పు గిన్నె పట్టుకొని నిలబడి ఉంది. "పెరట్ల పొగ మస్తయితున్నది. మా రొట్టెల పొయ్యి యాడ పెడ్తరు?" అంది.

ముగ్గురూ తలలెత్తారు. ఆమె వేరే ఇంటి సంగతి ఏదో అడిగినట్టు చూశారు.

"అమ్మా, గ్యారేజ్ల పొయ్యేంది?" అన్నాడు ప్రణయ్. "ఒక దిక్కు పెట్రోలు, ఒక దిక్కు మంట. మస్తు డేంజర్."

"అయినా రొట్టెలు అమ్ముడు బంద్ చేస్తే ఏం తక్కువైతది ఇప్పుడు?" అన్నాడు మహేష్. కసురుకొని కాదు, ప్రేమగానే అన్నాడు. "పొగల కూసోవద్దని డాక్టరు చెప్పలేదా నీకు?"

అత్తమ్మ గిన్నె మూత పెట్టింది. నేను మంచినీళ్ళు పోశాను. లాప్‌టాప్ బొమ్మ నాకు అర్థం కాలేదని వాళ్ళు అనుకున్నారు. అర్థమైంది. అందులో వంటింటి గోడ దాకా ఎక్కడా ఖాళీ లేదు.

*

రొట్టెల పొయ్యి పెరట్లో, రేకుల కింద ఉండేది. జొన్నరొట్టెకు గ్యాసు మంట సరిపోదని అత్తమ్మ నమ్మకం. కందికట్టె మంట కావాలి. గబగబా అంటుకోవాలి, గబగబా తగ్గాలి. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు, పెళ్ళిళ్ళవాళ్ళు మా దగ్గరే రొట్టెలు చెప్పేవాళ్ళు. నేను వచ్చిన కొత్తలో నా రొట్టె అంచులు పగిలేవి. అత్తమ్మ ఏమీ అనేది కాదు. పగిలినవి తన పళ్ళెంలో వేసుకునేది. ఇప్పుడు కళ్ళు మూసుకొని తట్టినా పగలవు. మేమిద్దరం మాట్లాడుకునేది ఆ పొయ్యి దగ్గరే. ఇంట్లో మిగతా చోట్ల ఆమె అత్త, నేను కోడలు.

ఆ ఏడాది వెనకింటివాళ్ళు గోడ ఎత్తు లేపుకున్నారు. వాళ్ళ జాగ, వాళ్ళ ఇష్టం. కానీ అప్పటిదాకా అటు పోయే పొగ మా రేకులకు తగిలి కిందికి దిగడం మొదలైంది. వైశాఖం ఎండ పైన, పొగ కింద. అత్తమ్మ రెండు రొట్టెలకొకసారి లేచి దగ్గేది. కళ్ళు చింతనిప్పులయ్యేవి.

రొట్టెలు పట్టుకపోవడానికి షమ్సున్నీసా వచ్చింది. ఆమె భర్త జహంగీర్ మేస్త్రి. మా అర్ర పని ఒప్పుకున్నది ఆయనే.

"శరణక్కా, మా ఆయన పరేషాన్ అయితుండు," అంది, గోడ నీడకు కూర్చొని. "మీ ఇంట్ల ముగ్గురు మొగోళ్ళు ఒక్క అర్రల మూడు ఇండ్లు కడ్తరట."

అత్తమ్మ నవ్వబోయి దగ్గింది.

"మొన్న మహేష్ బాబు పిలిచి గేటు ముచ్చట చెప్పిండట. తెల్లారి పటేలు పిలిచి మడిగె అన్నడట. చిన్నబాబు ఫోన్ల ఏవో రంగు బొమ్మలు పంపిండు. మా ఆయనకు ఆ ఫోన్ల గోడ ఏదో గొడుగు ఏదో తెల్వది. అల్లా కసమ్, పని ఇడిచి పెడ్త అంటుండు."

"ఇడవకని చెప్పు," అంది అత్తమ్మ. "ఇడిస్తే ఈళ్ళు ఇంకా నాలుగేండ్లు మాట్లాడుకుంటనే ఉంటరు."

షమ్సున్నీసా పోయాక అత్తమ్మ చాలాసేపు పొయ్యిలోకి చూసింది. పెరటి గోడకు ఆనించిన కందికట్టె మోపులు అప్పటికే సగానికి వచ్చాయి.

"గీ కట్టె అయిపోయేదాక చేద్దాం బిడ్డా," అంది. "తర్వాత సాకు."

సాకు అంటే కన్నడంలో చాలు. అత్తమ్మ పుట్టిల్లు సేడం దిక్కు. మామూలుగా ఆమె మా మాటే మాట్లాడుతుంది. మాట తేల్చేసేటప్పుడు మాత్రం కన్నడం వస్తుంది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ, మామ కూడా, ఎదురు మాట్లాడరు.

నేను రొట్టె తిరగేశాను. అది పొంగింది. ఆ రోజు నుంచి పెరట్లోకి పోయిన ప్రతిసారీ ముందు మోపుల వైపే చూసేదాన్ని. కట్టె అయిపోతే పొయ్యి ఆరుతుంది. పొయ్యి ఆరితే నేను ఈ ఇంట్లో ఉట్టి కోడలిని.

*

జహంగీర్ మేస్త్రి ఆ వారంలోనే వచ్చి షట్టరు ముందర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఒక్కొక్కలు ఒక్కొక్క తీరు చెప్తే నేనేం జెయ్యాలె పటేలా? మీరంత కూసోండ్రి, ఒక్క మాట మీదికి రాండ్రి. మీ ఇంట్లోళ్ళే ముగ్గు పోసి పెట్టుండ్రి. ముగ్గు యాడుంటే ఆడ గడ్డపార ఏస్త. నాకేం ఫికర్?"

"ముగ్గు మేస్త్రి గదా పోసేది," అన్నాడు మామ.

"వేరే ఇండ్లల్ల నేనే పోస్త. మీ ఇంట్ల పొయ్య. పోస్తే ముగ్గురితోని తిట్లు తినాలె."

మా దిక్కు ఆడవాళ్ళు వాకిట్లో ముగ్గు వేస్తారు. మేస్త్రీలు కట్టబోయే ఇంటికి ముగ్గు పోస్తారు. పిండి ఒకటే. వేసిన ముగ్గు సాయంత్రానికి తొక్కుళ్ళలో పోతుంది. పోసిన ముగ్గు మీద గోడ లేస్తుంది. కుల్కచర్ల పక్కన మా ఊళ్ళో సర్కారు ఇల్లు వచ్చినవాళ్ళ జాగలో ముగ్గు పోస్తే, మేము బడికి పోతూ ఆగి చూసేవాళ్ళం. పునాది కూడా తవ్వకముందే ఆ ఇంటివాళ్ళు గీత తొక్కకుండా నడిచేవాళ్ళు. దర్వాజ కోసం వదిలిన సందు ఎక్కడుందో వెతుక్కొని, అందులోంచి లోపలికి పోయేవాళ్ళు. లేని గోడను ఎవరూ దాటేవాళ్ళు కాదు.

సోమవారం మంచిదని మామ అన్నాడు. రాహుకాలం రాకముందే కాయ కొట్టాలన్నాడు. ముగ్గు తానే పోస్తానని, ఈసారి శనివారం రావడం కుదరదని, సోమవారం పొద్దున మొదటి రైలుకు వస్తానని ప్రణయ్ ఫోన్లో చెప్పాడు. మడిగె సంగతేమిటని మామ అడిగితే, వచ్చినాక చూద్దామన్నాడు. మహేష్‌కు ఆదివారం రాత్రి డ్యూటీ.

అంతకు ముందే కారు వచ్చింది. తెల్ల కారు, పాతదే అయినా కడిగితే మెరిసేది. వేపచెట్టు కింద పెట్టి నిమ్మకాయలు తొక్కించారు. ఒక మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు నేను బట్టలారేసే తాడు విప్పి, కారు ముక్కు దగ్గర ఒక ముడి, తోక దగ్గర ఒక ముడి వేసుకున్నాను. తాడు మళ్ళీ కట్టేశాను. దాని మీద బట్టలు ఆరేశాను. ముడుల దగ్గర చీరలు కొంచెం ఎగుడుదిగుడుగా వేలాడాయి. ఎవరూ అడగలేదు.

ఆదివారం జీపు అర్ర ఖాళీ చేశారు. సంచులు వరండాలోకి, కూలరు డాబా మీదికి, టైర్లు వేపచెట్టు కిందికి పోయాయి.

*

సోమవారం తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి, చల్లి, ముగ్గు వేశాను. పండుగ కాదు కాబట్టి చిన్న ముగ్గే. తర్వాత మేస్త్రి వచ్చేలోపు జీపు అర్ర ఊడ్చుదామని షట్టరు లేపాను.

ఖాళీగా ఉన్న ఆ అర్రను నేను అంతకుముందు చూడలేదు. నూనె మరకలతో నల్లగా ఉన్న బండలు వంటింటి గోడ దాకా పరుచుకొని ఉన్నాయి. ఊడ్చాను. ముగ్గు డబ్బా ఇంకా చేతిలోనే ఉంది. ఒకసారి చూసుకుందామనిపించింది. పెరట్లోకి పోయి తాడు విప్పుకొచ్చాను. షట్టరు దగ్గర ఒక ముడి ఆనించి, రెండో ముడి ఎక్కడికి వస్తుందో అక్కడి నుంచి వంటింటి వైపు కొంచెం జరిగి, అడ్డంగా ఒక గీత పోశాను. దాని వెంట ఇంకో గీత. అది గోడ. గోడకు ఇవతల కారు, అవతల మేము. ఆ గోడకు దర్వాజ పెట్టలేదు. ప్రణయ్ చెప్పింది నిజమే, పెట్రోలుకూ మంటకూ మధ్య దారి ఉండకూడదు. వంటింటి గోడకు కొంచెం ఇవతల కూడా గీత పోసి, అందులో ఒక సందు వదిలాను. అది మా దర్వాజ. గల్లీ గోడ కింద రెండు చిన్న గీతలు గీశాను. అది కిటికీ. కిటికీ పక్కన గుండ్రంగా ఒక చుట్టు. అది పొయ్యి.

వెనక్కి జరిగి చూశాను. బాగానే ఉంది. చీపురు పక్కనే పెట్టుకున్నాను. చూసుకున్నాక తుడిచేద్దామనే పెట్టుకున్నాను.

"అస్సలాం లేకుం," అన్నాడు జహంగీర్ మేస్త్రి. సైకిలు వేపచెట్టుకు ఆనిస్తున్నాడు. వెంట ఇద్దరు కూలీలు. లోపలికి వచ్చి బండల మీదికి చూసి తల ఊపాడు.

"హమ్మయ్య. ముగ్గు పడ్డది." ఇంకొంచెం వంగి చూశాడు. "మంచిగనే ఉన్నది. గీ గుండ్రం ఏంది బిడ్డా?"

నేను జవాబు చెప్పేలోపు మామ కుర్చీ పట్టుకొని వచ్చాడు. భుజం మీద కొత్త తువ్వాల. "ముగ్గు పోసిండ్రా?"

"పడ్డది పటేలా."

"ప్రణయ్ ఫోన్ల చెప్పిండా?"

మేస్త్రి గడ్డపారలు దింపిస్తున్నాడు, ఆ మాట వినలేదు. మామ దాన్నే అవుననుకున్నాడు. నేలకేసి చూశాడు. ఏ కంటితో ఎంత కనబడిందో నాకు తెలియదు.

"పిలగాడు రైలు దిగలేదంట," అన్నాడు. "జరసేపు చూద్దామా?"

అప్పుడు వంటింటి దిక్కు నుంచి అత్తమ్మ వచ్చింది. పళ్ళెంలో కొబ్బరికాయ, ఊదుబత్తులు, విభూతి. ఆమె ఎప్పటి నుంచి అక్కడ నిలబడి చూస్తోందో నాకు తెలియదు. ముగ్గు దాకా వచ్చి ఆగింది. గీత మీది నుంచి దాటలేదు. గీత వెంట కళ్ళు తిప్పి, నేను వదిలిన సందు చూసుకొని, దానికి ఎదురుగా నడిచి, అందులోంచి లోపలికి వచ్చింది. గుండ్రం పక్కన పళ్ళెం దింపింది.

"రాహుకాలం వచ్చేటట్టున్నది," అన్నాడు మామ, తనలో తాను.

"సాకు," అంది అత్తమ్మ. "కాయి ఒడీరి."

కాయ కొట్టండి, అంది. అంతే.

మామ చెప్పులు విడిచాడు. ఆయన కూడా గీత దాటకుండా, ఇంట్లోంచి చుట్టూ తిరిగి సందులోంచే వచ్చాడు. కాయ ఒక్క దెబ్బకే సమంగా పగిలింది. మేస్త్రి "బిస్మిల్లా" అని కూలీకి సైగ చేశాడు. మొదటి బండ లేచింది. కింద ఎర్రమట్టి తడిగా ఉంది, ఏళ్ళ తరబడి గాలి తగలని వాసన.

నేను చీపురు తీసుకపోయి తలుపు వెనక పెట్టాను.

*

ప్రణయ్ ఎండ ముదిరాక వచ్చాడు, చేతిలో చుట్టిన కాగితంతో. అతని వెనకాలే మహేష్ డ్యూటీ దిగి వచ్చాడు. అప్పటికి అడ్డంగా కాలువ తవ్వేశారు.

"గిదేంది? నా ప్లాన్ల గీ గోడ లేదు," అన్నాడు ప్రణయ్. "మేస్త్రీ, ఎవలు తవ్వుమన్నరు?"

"ముగ్గు పడ్డది. కాయ కొట్టిండ్రు. తవ్విన," అన్నాడు జహంగీర్ మేస్త్రి. "ఇంకెవలు చెప్పాలె బాబూ?"

"నాయినా! నువ్వు చెప్పినవా?"

మామ కుర్చీలో కూర్చొని కొబ్బరి ముక్క నములుతున్నాడు. కాలువకేసి, గుండ్రానికేసి, అత్తమ్మకేసి చూశాడు. ఆఖరికి నాకేసి చూశాడు.

"కాయ నేను కొట్టిన," అన్నాడు.

"అది గాదు. ముగ్గు ఎవలు పోసిండ్రు?"

"కాయ కొట్టినంక గా ముచ్చట అడుగరు. తుడువరు గూడ. ఇంట్ల మంచిగుండది." ఇంకో ముక్క నోట్లో వేసుకున్నాడు. "నువ్వు పొద్దుగాల రాకపోతివి."

"రైలు ఆగితే నేనేం జెయ్యాలె?"

"రైలు ఆగింది. రాహుకాలం ఆగుతదా?"

మహేష్ ఇవేమీ వినడంలేదు. షట్టరు దగ్గర నిలబడి కాలువ దాకా కళ్ళతో కొలుస్తున్నాడు. "నా కారు పడ్తదా ఇందుల?"

నేను తాడు తెచ్చి ఇచ్చాను. మహేష్ ముడులు చూశాడు. ఒక కొస ప్రణయ్‌కు ఇచ్చి, ఇద్దరూ పట్టి చూశారు. రెండో ముడి కాలువకు జానెడు ఇవతలే ఆగింది.

"బట్టల తాడుతోని కొలుస్తరా వదినా ఎవలన్న?" అన్నాడు ప్రణయ్. అతని గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువుంది. చుట్టిన కాగితం విప్పకుండానే వరండాలో కందుల సంచి మీద పెట్టాడు.

మధ్యాహ్నం మహేష్ అన్నానికి కూర్చోలేదు. వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"నువ్వే పోసినవు కదా."

"అవును."

"నాకొక్క మాట చెప్పొద్దా?"

"చెప్దామని ఉండె. నువ్వు ఫోన్ల గేట్లు చూస్తుంటివి."

ఆయన ఏదో అనబోయాడు. గోడ అవతల గడ్డపార దెబ్బ పడింది. గిన్నెలు కదిలాయి. "గంతగనం రొట్టెలెందుకు నీకు?" అన్నాడు, మెల్లగా.

నేను ఆలోచించాను. ఆ ప్రశ్న ఎవరూ అంతకుముందు నన్ను అడగలేదు. "ఆ పొయ్యి కాడ కూసుంటే నేను ఎవలనో నాకు తెలుస్తది," అన్నాను.

మహేష్ పీట లాక్కొని కూర్చున్నాడు. అన్నం పెట్టాను. రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. తర్వాత మరిచిపోయాడు.

*

గోడ లేచింది. గల్లీ వైపు కిటికీ కొట్టారు. పైన పొగ పోవడానికి గొట్టం పెట్టారు. ప్రణయ్ ఆఫీసు రూం ముచ్చట మళ్ళీ ఎత్తలేదు. కానీ వచ్చిన ప్రతి శనివారం మేస్త్రి పక్కన నిలబడేవాడు. కిటికీ కింద బయటికి ఒక బండ పొడుచుకొచ్చేటట్టు పెట్టించింది అతనే. రొట్టెలు అందుకునేవాళ్ళు గిన్నె దింపుకోవడానికని. అది నాకు తట్టలేదు. కారు వైపు గోడకు మాత్రం తన బూడిదరంగే వేయించుకున్నాడు.

నేను చేసిన తప్పు కారు లోపల పెట్టిన రోజు బయటపడింది. నేను తాడు పట్టి చూశాక మహేష్ కారు వెనక ఒక ఇనుప గార్డు బిగించాడు. దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. కారు లోపలికి పోయింది కానీ, ముక్కు గోడకు తగలకుండా ఆపితే షట్టరు దిగి గార్డు మీద కూర్చుంది.

"జానెడు జాగ గార్డు మింగింది," అన్నాడు జహంగీర్ మేస్త్రి. "గోడ జరుగది. మీరే జరగాలె."

"గార్డు తీసెయ్యరా," అన్నాడు మామ.

"నేను తియ్య," అన్నాడు మహేష్.

చివరికి వేపచెట్టు కిందున్న జీపు టైరు ఒకటి కోసి, పలచటి ముక్క ఒకటి కొత్త గోడకు బిగించారు. కారు ముక్కు టైరుకు ఆని కొంచెం నొక్కుకుంటే షట్టరు కింది దాకా దిగుతుంది. అప్పటి నుంచి మహేష్ డ్యూటీ నుంచి వచ్చి కారు పెట్టిన ప్రతిసారీ గోడ ఇవతల మా పిండి డబ్బాలు గల్లుమంటాయి. నేను చూడకుండానే ఇంకో పళ్ళెం తీస్తాను.

కొత్త పొయ్యి అంటించిన రోజు అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుంది. పొగ గొట్టంలోంచి పైకి పోయింది. ఆమె మొదటి రొట్టె చేసి, దగ్గు కోసం ఆగినట్టు ఒకసారి ఆగింది. రాలేదు. రెండోది చేసింది. కిటికీలోంచి షమ్సున్నీసా తల పెట్టి, "అరె వాహ్, శరణక్కా, హోటల్ పెట్టినవా?" అంది.

"హోటల్ గాదు, మడిగె," అన్నాడు మామ, బయటి నుంచి. తన కుర్చీని ఇప్పుడు గల్లీలో, కిటికీ పక్కన నీడకు వేసుకుంటున్నాడు. "నేను మొదటి నుంచి మడిగెనే చెప్పిన. ఎవలు విన్నరు?"

తొలకరి పడే నాటికి పెరట్లో ఆఖరి మోపు అయిపోయింది. గోడకు ఆనుకొని ఉన్నచోట కట్టె ఆకారంలో ఎండ తగలని పాలిపోయిన మరక మిగిలింది. నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను. అత్తమ్మ నా వెనక వచ్చి నిలబడింది. సాకు అనలేదు. ఆ మధ్యాహ్నం నవాబుపేట దిక్కు నుంచి ఒక ట్రాలీ కందికట్టె వచ్చి గల్లీలో ఆగింది. ఎవరు చెప్పారని మహేష్ అడిగితే, అత్తమ్మ ట్రాలీవాడికి ఎక్కడ దింపాలో చూపిస్తూ ఉండిపోయింది.

మరునాడు పొద్దున వాన వెలిసింది. లారీలు ఇంకా మొదలు కాలేదు. బండలు కడిగినట్టున్నాయి. నేను వాకిలి ఊడ్చి ముగ్గు డబ్బా తీసుకొని గల్లీ మలుపు దాకా వచ్చాను. మామ అప్పటికే కుర్చీలో ఉన్నాడు. లోపల అత్తమ్మ రొట్టె తడుతున్న చప్పుడు కిటికీలోంచి వస్తోంది.

"బిడ్డా," అన్నాడు.

ఆగాను. ఆయన నాకేసి చూడలేదు. రోడ్డుకేసే చూస్తున్నాడు.

"వాకిట్ల ముగ్గు ఎయ్యి. పొయ్యకు."

కిటికీ లోపల చప్పుడు ఆగింది. తర్వాత మళ్ళీ మొదలైంది.